సోమవారం సారు

నన్ను తిట్టిన పాటను మూడు వారాలపాటు నేనే అమీర్‌పేటంతా తిరిగి వినిపించాను. ఇంతకన్నా తెలివితక్కువ పని చేసినవాడు మైత్రీవనం చుట్టుపక్కల ఇంకెవడైనా ఉంటే వచ్చి చెప్పండి, టీ ఇప్పిస్తాను. ఉండడు. నాకు తెలుసు.

నా పేరు హనుమత్ప్రసాద్. వయసు యాభై ఎనిమిది, ఊరు తెనాలి దగ్గర. ఇరవై నాలుగేళ్లుగా మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో డేటాబేస్ కోర్సు నడుపుతున్నాను. సగం దేశం నా దగ్గరే నేర్చుకుందని నలుగురిలో చెప్పుకుంటూ ఉంటాను. మా ఆవిడ వరలక్ష్మి మాత్రం, "సగం దేశం మీ దగ్గర ఒక్కరోజే నేర్చుకుందిలెండి" అంటుంది. ఆ ఒక్కరోజు గురించే ఈ గొడవంతా.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దగ్గర కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతుంది. పొద్దున ఏడున్నరకు డెమో క్లాసు, ఉచితం. బెంచీలు నిండిపోయి పిల్లలు గోడలకు చేరబడి నిలబడతారు. పెద్ద సారు వస్తాడు, అంటే నేను. మైకు పట్టుకుని గంటసేపు ఇరగదీస్తాను. పిల్లలు చప్పట్లు కొట్టి, కిందికి వెళ్లి కోర్సులో చేరిపోతారు. మంగళవారం నుంచి పాఠం చెప్పడానికి వేరేవాళ్లు వస్తారు. పెద్ద సారేరీ అని ఎవరైనా అడిగితే, "సారుకు క్లయింట్ మీటింగ్" అని కౌంటర్లో చెబుతారు. క్లయింటూ లేడు, నా మొహమూ లేదు. ఆ టైముకు నేను ఇంట్లో పెసరట్టు తింటూ ఉంటాను. ఇందులో తప్పేముందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. నాలుగో అంతస్తులో నాకు పోటీగా కోర్సు పెట్టిన విజయేందర్ కూడా నడుపుతున్నది ఇలాగే కదా!

నా మంగళవారాలు మోసేది నవోమి. నాలుగేళ్ల క్రితం నా డెమోకే వచ్చింది, నా పాఠానికి పడిపోయింది, రెండో నెలకల్లా నాకే తప్పులు చూపించడం మొదలుపెట్టింది. పోనీలే, బుర్ర ఉన్న పిల్ల అని పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నాను. వాళ్ల నాన్న సాలమన్ ఎర్రమంజిల్లో సర్కారు ఆఫీసులో డ్రైవరు. ఈ అమ్మాయి ఆదివారం పొద్దున చర్చి కోయిర్లో పాడుతుంది, శనివారం సాయంత్రం పంజాగుట్టలో ర్యాప్ పాడుతుంది. రెండింటికీ ఒకే గొంతు ఎలా సరిపోతుందో ఆ దేవుడికే తెలియాలి.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. "ఏంటమ్మా ఈ గోల? వంటింట్లో గిన్నెలన్నీ ఒకేసారి కిందపడ్డట్టు!" అన్నాను ఒకరోజు.

"సార్, డప్పును వదిలిపెట్టి జర మాటలు వినుండ్రి," అంటూ ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది.

విన్నాను. ఓర్నీ, ప్రాస! చిన్నప్పుడు మా ఊళ్లో అవధానాలు ముందు వరసలో కూర్చుని విన్న చెవి నాది. అవధాని పద్యం మధ్యలో ఉండగా అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి అడ్డగోలు ప్రశ్న వేసేవాడు, ఆయన తొణక్కుండా దాన్ని కూడా కలుపుకుని పోయేవాడు. ఇదీ అదే సరుకు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లయ తప్పకుండా తిట్టుకోవడం, అయిపోగానే వాటేసుకోవడం. మనవాళ్లు శాలువా కప్పుకుని చేసింది వీళ్లు టోపీ తిప్పి పెట్టుకుని చేస్తున్నారు, అంతే తేడా.

ఇక నాకు పిచ్చి పట్టుకుంది. బాగున్న మాటల్ని నోట్‌బుక్కులో రాసుకోవడం కూడా మొదలుపెట్టాను. "సారీల సంజాయిషీ కలిపితే సారీ సచ్చిపోతది" అని నవోమి రాసిన లైను ఒకటుంది. అప్పుడు మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశం ఎగ్గొట్టి, నాలుగు రోజులుగా మాటల్లేక, చారు మాత్రమే తింటున్నాను. ఇంటికి వెళ్లి "తప్పయింది" అని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడమే కష్టమైంది. వరలక్ష్మి నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది. ఆ రాత్రి వంకాయ కూర వండింది. ముప్పై ఏళ్ల కాపురంలో నాకు తెలియని కిటుకు పాతికేళ్ల పిల్ల పాటలో దొరికింది.

ఈ తిట్ల పందెంలో గెలవడం ఎలాగో కూడా నవోమే చెప్పింది. "ఎదుటోడు అనేలోపు మన తప్పు మనమే చెప్పెయ్యాలె సార్. ఇగ వాని కాడ ఏముంటది అననీకి?" ఇంకో మాట కూడా చెప్పింది. "పేరు వెట్టి తిడితే కొట్లాట. పేరు వెట్టకుంట తిడితే, గా మనిషి మనకు కావాలె అన్నట్టు." రెండూ శ్రద్ధగా రాసుకున్నాను. రాసుకోవడంలో నాకు లోటు లేదు, అర్థం చేసుకోవడంలోనే ఉంది.

అలా ఉండగా ఒకరోజు స్టాఫ్ రూములో నా ఫోనుకు ఒక పాట పంపింది. "కొత్తది సార్. మొత్తం వినుండ్రి" అని చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది. పెట్టాను.

*సోమారం సారు, మంగళారం రారు,*
*ఫ్లెక్సీ మీద పేరు, పాఠం జెప్పేదెవరు?*
*డెమోల దేవుడు, బ్యాచుల కానరాడు,*
*ఒక్కపూట దర్శనం, మల్ల గుడికే రాడు!*

కుర్చీలోంచి పడబోయాను నవ్వలేక. విజయేందర్! అచ్చంగా విజయేందరే! రెండో చరణం ఇంకా ఘాటు.

*పాత జోకే వేస్తడు, తనే ముందు నవ్వుతడు,*
*కొత్త ముచ్చట అడిగితే "రేపు" అని ఉరుకుతడు!*

ఇక్కడికి వచ్చేసరికి కళ్లల్లో నీళ్లొచ్చాయి, పాట ఆపి కౌంటరు దగ్గరికి పరిగెత్తాను. వాళ్లకు వినిపించాను. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నేలచూపులు చూశారు. పాపం, విజయేందర్ అంటే భయం కాబోలు అనుకున్నాను. జిరాక్స్ షాపులో వినిపించాను. బజ్జీల బండి దగ్గర వినిపించాను. ప్రతిచోటా రెండో చరణం దాకానే, ఆపైన నా నవ్వే సరిపోయేది. నవోమి మాత్రం రోజూ పొద్దున నా మొహంలోకి ఒకసారి చూసేది, ఏదో అడగబోయి ఊరుకునేది. "అదిరిందమ్మాయ్!" అని భుజం తట్టేవాణ్ణి. ఆ పిల్ల నవ్వేది కాదు.

అంతటితో ఆగితే నేను హనుమత్ప్రసాద్‌ని ఎందుకవుతాను? విజయేందర్‌కే వినిపించాలని బుద్ధి పుట్టింది. టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. "మనవాళ్లెవరి గురించో పాట వచ్చింది, విను" అని ఫోను చేతికిచ్చాను. నా మీసాల కింద నవ్వు నాకే తెలుస్తోంది. అతను చెవి దగ్గర పెట్టుకుని ఆఖరిదాకా విన్నాడు. టీ చల్లారిపోయినా పట్టించుకోలేదు.

"ఎవరు పాడిన్రు అన్నా?"

"మా నవోమి."

"మస్తు హుషారున్నది గీ పిల్ల. నంబర్ జర ఇస్తవా?"

ఇచ్చాను. నా చేత్తో నేనే, అంకె అంకె చదివి ఇచ్చాను. కావలిస్తే ఇంకోసారి తిట్టుకోండి, నేనేమీ అనను.

శుక్రవారం మధ్యాహ్నం నవోమి నా గదిలోకి వచ్చి నిలబడింది. "సార్, సోమారం నుంచి పైన చెప్త. విజయేందర్ సార్ నా పేరు మీదనే బ్యాచ్ ఇస్తుండు. డెమో సుత నాదే."

నిజం ఒప్పుకోవాలంటే, నవోమి లేకపోతే నా కోర్సు లేదు. ఆరేళ్లుగా డేటాబేసులో వచ్చిన కొత్త సంగతులేవీ నాకు రావు. ఆ పిల్ల చెప్పే మంగళవారాలు లేకపోతే నా సోమవారానికి వెనక ఏమీ ఉండదు. కానీ నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా?

"వాడి మీద అంత పాట రాసి, వాడి దగ్గరికే వెళ్తావా?"

"సార్, పాట మొత్తం విన్నరా మీరు?"

"ముప్పైసార్లు విన్నాను!"

"మొత్తం?"

నేను నోరు తెరిచేలోపు బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లి వరలక్ష్మి ముందు కూలబడ్డాను. ఇలా మోసం చేసింది, విజయేందర్ మీద పాట రాసి వాడి పంచనే చేరింది అని మొదలుపెట్టాను. "ఏదీ, ఆ పాట పెట్టండి" అంది. మొదటి చరణానికే మా ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. రెండో చరణానికి సోఫా మీద దొర్లింది. "ఏవండీ, ఏవండీ, ఇది మీరేనండీ!"

"నేనెందుకవుతాను? విజయేందర్!"

"తనే ముందు నవ్వుతడు అని చెబితే ఇంకా విజయేందర్ అంటారేంటి? పెళ్లిచూపుల్లో కూడా మీరే ముందు నవ్వారు."

పాట ఆపబోయాను. చేతి మీద ఒక్కటేసింది. "విననివ్వండి, ఇంకా ఉంది." అలా నాకు మూడో చరణం మొదటిసారి వినబడింది. డప్పు ఆగిపోయింది. నవోమి ఒక్క గొంతే ఉంది.

*తొలిపూట చెయ్యి వణికె, నాకు మాట రాలే,*
*తలుపు బయట నిలబడ్డడు, గంటన్నర కదలలే.*
*లోపలికి రాలే, తప్పు దిద్దలే,*
*బయటికొస్తే చాయ్ ఇచ్చిండు, ఏమనలే.*
*గా సారుతోనే నా పంచాది, గాయనే నా పునాది,*
*నేర్పినోడే పేరు మరిస్తే ఇంకెవలకు గుర్తుంటది?*

వరలక్ష్మి నవ్వడం మానేసింది. "ఆ పిల్ల మొదటి క్లాసు చెప్పిన రోజు ఇంటికొచ్చి కాళ్లు పీకుతున్నాయన్నారు. నేనే నూనె రాశాను," అంది మెల్లగా.

కరిగిపోయి పశ్చాత్తాపపడ్డానని అనుకుంటున్నారా? అబ్బే. ముందు కోపమొచ్చింది, అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గర నేర్చుకుని పంచాది అంటూ నాతోనే తగువుకొస్తుందా? ఊరంతా నన్ను చూసి నవ్వుకుందా? అవధానాలు విన్న వంశం మాది! శనివారం పొద్దున్నే కూర్చుని పదహారు లైన్లు రాశాను. నవోమి ఆలస్యంగా రావడం, వచ్చి పది సాకులు చెప్పడం, క్లాసులో దొంగచాటుగా పల్లీలు తినడం, అన్నీ ప్రాసతో దులిపేశాను. వరలక్ష్మికి చదివి వినిపించాను.

"ప్రాస బాగుంది. బుద్ధే బాగాలేదు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం అయిదున్నరకు పంజాగుట్ట వెళ్లాను. కాఫీ షాపు మేడ మీద యాభైమంది పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. మైకు దగ్గర మార్క్ అనే కుర్రాడు పేర్లు పిలుస్తున్నాడు. నన్ను చూసి, "అంకుల్, పేరెంట్స్ కింద కూసుంటున్నరు" అన్నాడు. "పాడేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను. మేడంతా గొల్లుమంది.

మైకు ముందు నిలబడి జేబులోంచి కాగితం తీశాను. అప్పుడు కనబడింది నవోమి, రెండో వరసలో. మొహం పాలిపోయి ఉంది. ఆ మొహం నేనెరుగుదును. మొదటి క్లాసు రోజు మార్కరు మూత రాక, చెయ్యి వణికి, తలుపు వైపు చూసిన మొహం అది. ఆ రోజు తలుపు బయట ఎందుకు నిలబడ్డానో నాకు గుర్తొచ్చింది. ఈ పిల్ల పడిపోతుందేమోనని భయపడి నిలబడ్డాను. ఇవాళ తోసెయ్యడానికి వచ్చాను. సిగ్గేసింది. నిజంగా, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా తప్పు నేనే ముందు చెప్పాలి, అంతే. నోటికి వచ్చింది చెప్పాను.

*ఫ్లెక్సీ నాది, ఫోటో నాది, పాఠం మాత్రం పిల్లది,*
*చప్పట్లు నావి, చాకిరీ తనది, చెప్పకపోవడం నాది.*
*పాత జోకు వేసింది నేనే, పారిపోయింది నేనే,*
*సోమవారం సారెవరంటారా? ఈ శాల్తీ, నేనే!*

పిల్లలు అరిచిన అరుపుకు కింద పేరెంట్సు పైకి పరిగెత్తుకొచ్చారు. మార్క్ నన్ను వాటేసుకున్నాడు, నా కళ్లజోడు ఎగిరిపోయింది. కళ్లజోడు తెచ్చి ఇచ్చింది నవోమే.

"మూడో లైన్ల తాళం తప్పిన్రు సార్."

"తప్పింది. పాట కూడా మొత్తం వినలేదమ్మా. నిన్నటిదాకా."

"నేనేమో మొత్తం విని నవ్వుతున్నరు అనుకున్న." కళ్లు తుడుచుకుని మళ్లీ అదే గడుసు మొహం పెట్టింది. "మాటలు మస్తున్నయ్. మాటలు నాకు సుత వస్తయ్ సార్. విజయేందర్ సార్ అయితే ఫ్లెక్సీ కొట్టించిండు."

ఆదివారం పొద్దున ఫ్లెక్సీలు కొట్టే ఐలయ్య షాపులో కూర్చున్నాను. పదిహేనేళ్లుగా నా మొహాన్ని ఆరడుగులకు పెంచి వేస్తున్నది ఐలయ్యే. నా జుట్టు నల్లగా కనబడుతున్నదంటే అది అతని చలవే. నవోమి ఫోటో ఇచ్చి, డెమో అయినా క్లాసులైనా నవోమి అనే పేరే వెయ్యమన్నాను. కంప్యూటరు ముందు కూర్చుని బుర్ర గోక్కున్నాడు.

"సార్, మీ ఫోటో ఏ దిక్కు వెట్టాలె?"

"అక్కర్లేదు."

"పాణం బాగుందా సార్? పైన మీ ఆశీస్సులతో అని చిన్నగ వేద్దాం. గంత జాగ ఉన్నది."

ఆశీస్సులు! ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. పైగా నన్నెవరూ తప్పుపట్టరు కూడా. "అక్షరాలు ఎంత చిన్నగా వెయ్యొచ్చు?" అని అడిగాను. చూపించాడు. కొంచెం పెద్దవి చెయ్యమన్నాను. ఇంకొంచెం పెద్దవి చెయ్యమన్నాను. అవి నవోమి పేరంత అయ్యాక నా మీద నాకే అసహ్యం వేసింది. "తీసెయ్, మొత్తం తీసెయ్!" అని అరిచి బయటికి వచ్చి నిలబడ్డాను.

సోమవారం ఏడింటికే హాలు నిండింది. బయట నవోమి ఫ్లెక్సీ కట్టించాను. ఏడున్నరయింది, నవోమి రాలేదు. ఏడూ ముప్పై అయిదు. పై అంతస్తులో విజయేందర్ మైకు సరిచూసుకుంటున్న చప్పుడు వినబడింది. ఫ్లెక్సీ చూసి కూడా పైకే వెళ్లిపోయిందా? పిల్లలు గడియారాలు చూసుకుంటున్నారు. నా వేళ్లు వాటంతటవే మైకు స్విచ్చి నొక్కాయి. "గుడ్ మార్నింగ్" అన్నాను. చప్పట్లు మోగాయి. ఆహా, ఏం చప్పుడండీ అది! నా వెన్ను నిటారుగా అయింది, పాత జోకు నాలుక చివరికి వచ్చేసింది.

అప్పుడు మెట్ల మీంచి దడదడా దిగి వచ్చింది నవోమి, రొప్పుతూ. "సారీ సార్. పైన విజయేందర్ సార్‌కు ఎదురుంగ చెప్పొచ్చిన, కింద నా ఫ్లెక్సీ ఉన్నది, నేను రాను అని. ఫోన్ల చెప్తే బాగుండదు గద." చెయ్యి చాపింది.

మైకు ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు, నిజం చెబుతున్నాను. నవోమే లాక్కుంది. నేను వెళ్లి ఆఖరి బెంచీలో ఇద్దరు కుర్రాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

మొదటి పది నిమిషాలు తప్పులు వెతికాను. దొరకలేదు. తర్వాత కొత్తగా వచ్చిన పద్ధతి ఒకటి బోర్డు మీద వేసి చెప్పడం మొదలుపెట్టింది. ఆరేళ్లుగా నా డెమోలో ఎవరైనా అడిగితే నేను దాటేస్తూ వచ్చింది అదే. పక్క కుర్రాళ్లు తలలూపుతున్నారు. నేను కూడా ఊపాను. నాకు ముక్క అర్థం కాలేదు.

"అందరికీ సమజైందా?" అంది నవోమి.

అయిందన్నారు అందరూ. నా చెయ్యి లేచింది. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది, బయట ఇన్నేళ్లుగా ఫ్లెక్సీల మీద వేలాడిన మొహాన్ని.

"నాకు అర్థం కాలేదమ్మా," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. నవోమి నవ్వలేదు. "ఏం ఫికర్ లేదు సార్," అని బోర్డు తుడిచి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.